స్వలింగ దంపతుల పిల్లలు తమ బాల్యం గురించి ఎందుకు రాస్తారు?

స్వలింగ దంపతుల పెంపకంలో పెరిగినవారు తమ బాల్యం గురించి బహిరంగంగా రాయడానికి, మాట్లాడడానికి ప్రధాన కారణం, ఆ కుటుంబాలపై చట్టసభల్లోనూ కోర్టుల్లోనూ సాగే వాదనలు చాలావరకు పిల్లల క్షేమం పేరుతోనే నడుస్తున్నా ఆ పిల్లల మాట మాత్రం అరుదుగా వినబడడమే.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 2009 నుంచి చట్టబద్ధమైన స్వలింగ వివాహాన్ని నిషేధించేందుకు 2011లో రాజ్యాంగ సవరణ ప్రతిపాదన వచ్చినప్పుడు, ఇద్దరు తల్లుల వద్ద పెరిగిన 19 ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థి జాక్ వాల్స్ ప్రతినిధుల సభలో నిలబడి, తామూ అందరిలాగే కలిసి భోంచేస్తామని, చర్చికి వెళతామని, అప్పుడప్పుడు పోట్లాడుకుంటామని, తల్లుల లైంగికత తన వ్యక్తిత్వంపై ఏ ప్రభావమూ చూపలేదని చెప్పాడు. ఆ సభ ప్రతిపాదనను ఆమోదించినా, రాష్ట్ర చట్టసభలోని ఎగువ సభ అయిన సెనేట్‌లో అది ముందుకు సాగలేదు. అతని ప్రసంగ వీడియో మాత్రం లక్షలాది మందికి చేరింది. 2018లో అతను అదే సెనేట్‌కు ఎన్నికయ్యాడు.

ఇలా రాసేవారంతా తమ ఇంట్లో ఏ లోపమూ లేదని నిరూపించడానికే రాస్తారనుకోవడం పొరపాటు, పైగా ఆదర్శ సంతానంగా కనిపించి తీరాలనే భారాన్ని పిల్లలపై మోపడం అన్యాయం. తల్లిదండ్రులు విడిపోవడం, బడిలో ఎదురైన గేలి, స్నేహితుల దగ్గర ఇంటి సంగతి దాచవలసి రావడం కూడా ఆ రచనల్లో కనిపిస్తాయి. అలా పెరిగినవారిలోనే కొందరు 2015లో స్వలింగ వివాహాన్ని వ్యతిరేకిస్తూ అమెరికా సుప్రీంకోర్టుకు తమ అభిప్రాయాన్ని లిఖితపూర్వకంగా సమర్పించారు.