వార్డు పత్రం అచ్చేసే ముందు

చిరంజీవి అమ్మీకి పెద్దనాయన ఆశీస్సులు.

కార్పొరేటరుగా గెలిచినావు, ఇక వార్డులో ఏ పని ఎందాక వచ్చిందో నెలనెలా ఒక పత్రం అచ్చేసి ఇంటింటికీ పంచుతావంటనే, వాట్సాప్‌లో కూడా పెడతావంట. ఫోన్లో మీ నాయన చెప్తుంటే గొంతు ఆగలేదు. నాకూ సంతోషమే. మన కర్నూల్లో గెలిచినాక ఫ్లెక్సీలు కట్టించేవాళ్ళే గాని లెక్క చెప్పేవాళ్ళు తక్కువ. అయితే సంతోషం వెనకే గుబులు కూడా పట్టుకుంది. నోటితో చెప్పింది జనం మరిచిపోతారు. కాగితం మీద రాసింది బీరువాలో దాచి, ఐదేళ్ళకు సరిగ్గా ఓట్లప్పుడు తీస్తారు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. విసుక్కోకుండా చదువు.

చిన్న సంగతులు ముందు తేల్చేస్తా. ఒకటే ఏ4 కాగితం, రెండు పక్కలా. అక్షరం పెద్దది పెట్టించు, అరవై దాటినవాళ్ళే ఎక్కువగా చదివేది. పాతబస్తీ వార్డు కాబట్టి వెనకపక్క ఉర్దూలో వేయించు. డోర్ నంబర్లు రాయొద్దు, ఆ నంబర్లు పోస్ట్‌మ్యానుకు తప్ప ఎవరికీ తెలియవు. మసీదు మలుపు, రేషన్ షాపు సందు, వేపచెట్టు బోరింగు అని రాయి. సచివాలయం గోడకు ఒకటి, టీ కొట్టుకు ఒకటి అంటించు. వాట్సాప్‌లో నువ్వు మాత్రమే రాసేది ఒక గ్రూపు, జనం ఫిర్యాదులు పెట్టేది ఇంకొకటి. రెండూ కలిపితే పొద్దున గుడ్ మార్నింగ్ పూలబొమ్మల కింద నీ పత్రం పూడిపోతుంది.

పత్రం మీద వేసే ఫోన్ నంబరు నీదే వేయి. మీ ఆయనది కాదు, మీ నాయనది అసలే కాదు. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల సీట్లలో సగం ఆడవాళ్ళవి. కానీ ఎన్ని వార్డుల్లో కార్పొరేటరు గారి భర్తే కుర్చీలో కూర్చుని మాట్లాడతాడో నీకు చెప్పక్కర్లేదు. అల్లుడు మంచివాడే, నాకు తెలుసు. అయినా ఫోన్ నువ్వే ఎత్తు. ఆడవాళ్ళు నీళ్ళ సంగతి, మరుగుదొడ్డి సంగతి నీకు చెప్పినట్టు అతనికి చెప్పరు.

ఇప్పుడు అసలు సంగతి. కొత్తగా గెలిచిన కార్పొరేటర్లు, మెంబర్లు తరతరాలుగా చేస్తున్న తప్పు ఒకటుంది. పని ఇంకా ఫైల్లో ఉండగానే మంజూరైందని చెప్పేయడం. కార్పొరేషన్ ఇంజనీరు ఏఈ వచ్చి టేపు పట్టి కాలువ కొలుచుకుని పోతాడు. వీధివాళ్ళు అరుగుల మీద నుంచి చూస్తారు. సాయంత్రానికి మన వీధికి సీసీ డ్రైన్ వచ్చేసిందని గ్రూపులో పడుతుంది, దాని కింద నీ ఫోటో, దండాలు, చప్పట్లు. పెళ్ళిచూపులు అయిన రోజే శుభలేఖలు పంచినట్టు ఉంటుంది ఆ వరస. ఆర్నెల్లు గడుస్తాయి, కాలువ రాదు. డబ్బు తినేసినారని మాట పుడుతుంది. తినడానికి అక్కడ రూపాయి కూడా రాలేదని తర్వాత ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మరు.

ఆ టేపు కొలతకూ కాంక్రీటు పడటానికీ నడుమ ఎన్ని మెట్లున్నాయో చూడు. కొలతల మీద ఆ ఏటి ఎస్‌ఎస్‌ఆర్ రేట్లు, అంటే సర్కారు ఖరారు చేసిన ధరలు వేసి ఎస్టిమేటు కట్టాలి. ఏ పద్దు నుంచి ఖర్చు పెడతారో తేలాలి. కార్పొరేషన్ సొంత డబ్బా, కేంద్ర ఆర్థిక సంఘం నిధులా? ఆర్థిక సంఘం డబ్బులో కొంత భాగం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టుబడి ఉంటుంది, దాన్ని రోడ్డుకు మళ్ళించలేరు. తర్వాత మొత్తాన్ని బట్టి కమిషనరో, స్టాండింగ్ కమిటీయో, కౌన్సిలో పరిపాలనా ఆమోదం ఇవ్వాలి. ఆ పైన ఇంజనీర్లు సాంకేతిక ఆమోదం ఇస్తారు. అప్పుడు టెండరు, తర్వాత అగ్రిమెంటు, ఆఖర్న పని మొదలుపెట్టమనే వర్కార్డరు. వర్కార్డరు కాంట్రాక్టరు చేతికి వచ్చినాకనే పని మొదలవుతుందని రాసే హక్కు నీకుంటుంది. అప్పుడు కూడా తేదీ వేయొద్దు, అగ్రిమెంటులో ఉన్న గడువు మాత్రం రాయి.

ఫైలు ఎక్కువగా కూలబడేది రెండు చోట్ల. ఒకటి టెండరు. పాత బిల్లులు రాని కాంట్రాక్టర్లు కొత్త పనికి టెండరు వేయరు, మళ్ళీ పిలవాల్సి వస్తుంది. రెండోది మన వీధే. కాలువ పోవాల్సిన లైను మీద ర్యాంపులు, మెట్లు, బట్టలుతికే బండలు ఉంటాయి. అందరికీ కాలువ కావాలి, ఎవరి ర్యాంపూ పగలకూడదు. వర్కార్డరు ఉన్నా కాంట్రాక్టరు మూడిళ్ళ దగ్గర ఆగి ఇంకో వార్డుకు పోతాడు. అందుకని ఎస్టిమేటు దశలోనే సచివాలయంలోని ప్లానింగ్ సెక్రటరీని వెంటబెట్టుకుని ఆ వీధి నడువు, ఏ గడపకు ఎంత పోతుందో సుద్దముక్కతో గీయించు. గొడవ వచ్చేదుంటే అప్పుడే రానీ.

మరి పత్రంలో ఏం రాయాలి? ఒక్కో పనికి మూడు వాక్యాలు చాలు. మసీదు మలుపు నుంచి రేషన్ షాపు దాకా కాలువ: ఎస్టిమేటు తయారైంది. పరిపాలనా ఆమోదం రాలేదు, డబ్బు కేటాయించలేదు. వచ్చే కౌన్సిల్ సమావేశం అజెండాలో పెట్టమని లేఖ ఇచ్చినాను, దాని తేదీ ఇది. అంతే. నెల తిరిగేసరికి అది కదలకపోతే కదల్లేదని రాయి, ఎందుకు కదల్లేదో ఒక్క ముక్క రాయి. కదలని పనిని పత్రంలోంచి మాయం చేసినావో, జనం మొదట చూసేది దానికోసమే.

పని మొదలైనాక ఇంకా వివరంగా రాయొచ్చు. రోడ్డు పొడవెంత, వెడల్పెంత, కాంక్రీటు మందమెంత, అగ్రిమెంటు మొత్తమెంత. అంచు పలకలు తీసినప్పుడు, పక్కన మట్టి పోయకముందు, మందం ఎవరైనా స్కేలు పెట్టి చూసుకోవచ్చు. మట్టి పోసినాక ఆ అవకాశం పోతుంది. ఇంకొకటి, కాంక్రీటు మీద మట్టికట్టలు కట్టి రెండువారాలన్నా నీళ్ళు నిలబెట్టాలి. మన ఎండకు అది తప్పితే ఏడాది తిరగకుండా పైపొర దుమ్ముగా లేస్తుంది. రెండో రోజే బైకులు ఎక్కించేది మనవాళ్ళే. నీళ్ళు పోసే పని ఎవరిదో, ఏ తేదీ దాకా బండ్లు పోకూడదో పత్రంలో వేయి.

ఎవరి పని ఎవరిదో కూడా జనానికి తెలియదు, తెలియక అంతా నీ నెత్తిన వేస్తారు. స్తంభం కరెంటు వాళ్ళది, దాని మీద బల్బు కార్పొరేషన్‌ది. బల్బు వెలగకపోతే ఎమినిటీస్ సెక్రటరీకి చెప్పాలి. స్తంభం వంగినా, తీగ వేలాడినా 1912కు ఫోన్ చేయాలి, వానాకాలంలో క్షణం ఆలస్యం చేయొద్దు. తడిగోడకు ఆనుకున్న స్తంభాన్ని పిల్లలు ముట్టుకోకుండా చూసుకోమని ప్రతి జూన్ పత్రంలో రాయి. ఈ ఒక్క ముక్క కొట్టేయొద్దమ్మీ, స్థలం చాలకపోతే నీ ఫోటో తీసెయ్. కేసీ కెనాల్ ఇరిగేషన్ వాళ్ళది, పెద్ద రోడ్లు కొన్ని రోడ్లు భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) వాళ్ళవి. మన 52 వార్డులు మూడు అసెంబ్లీ నియోజకవర్గాల్లో ఉన్నాయి, కల్లూరు వైపు వార్డుల సంగతి పాణ్యం ఎమ్మెల్యే దగ్గరికి పోతుంది. పక్క వార్డు పని నీ పత్రంలో కలపొద్దు.

నీళ్ళ విషయం. కుళాయికి నీళ్ళు రాలేదని పది ఇళ్ళు చెప్తే, ఆ పదీ లైను చివర ఉన్నాయేమో ముందు చూడు. మొదట్లో ఉన్నవాళ్ళు లైనుకే మోటారు బిగిస్తే చివరకు గాలి తప్ప ఏమీ రాదు. ప్రెషర్ తక్కువని జనం ఏం చేస్తారో నీకు తెలుసు. కుళాయి దగ్గర గుంత తవ్వి, పైపును భూమట్టానికి కింద కోసి, బిందె ఆ గుంతలో పెట్టి పట్టుకుంటారు. నీళ్ళు వదిలినంతసేపూ బాగానే ఉంటుంది. ఆపినాక పైపులో వెలితి ఏర్పడి, గుంతలో నిలిచిన మురికిని లోపలికి లాగుతుంది. మరుసటి విడతలో మొదటి నాలుగు బిందెలు వాసన వచ్చేది అందుకే, వాంతులు విరేచనాలు మొదలయ్యేదీ అక్కడే. వాసన వచ్చిందని కబురందితే పత్రం కోసం నెలాఖరు దాకా ఆగొద్దు, ఆ గంటలోనే గ్రూపులో పెట్టు, కాచి తాగమను. లైను చివరి ఇంట్లో క్లోరిన్ చూపించమని అడుగు, లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. చిన్న గాజుగొట్టంలో మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తేలాలి. ట్యాంకు దగ్గర చూసి సరిపోయిందంటే ఒప్పుకోవద్దు.

మే నెల పత్రం మొత్తం కాలువల పూడికకే ఇవ్వు. పూడిక తీయడం సగం పనే. తీసింది ఒడ్డునే కుప్పపోసి ఆరనిస్తారు, ట్రాక్టరు రెండు మూడు రోజుల్లో రాకపోతే ఒక్క వానకు అంతా మళ్ళీ కాలువలోకే. శానిటేషన్ సెక్రటరీని తీసిన తేదీ, ఎత్తిన తేదీ వేరువేరుగా అడిగి రెండూ అచ్చేయి.

హంద్రీ ఒడ్డు వార్డు నీది. 2009 అక్టోబరు 2 అప్పుడు నువ్వు చిన్నపిల్లవి. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊరి మీద పడినాయి, దిగువన శ్రీశైలం డ్యాము పూర్తి మట్టం 885 అడుగులైతే ఆ వరదకు 896 దాటింది. నీళ్ళు కిందికి పోయే దారి లేక మిద్దెల మీద జనం రాత్రంతా కూర్చున్నారు. ఇప్పటికీ పాత ఇళ్ళ గోడల మీద ఆ నీటి చార కనిపిస్తుంది. ఆ చారలు చెరిగిపోకముందే ఒక్కో వీధిలో ఒక్కో చోట కొలిపించు, నేల నుంచి ఎన్ని అడుగులో రాసిపెట్టుకో. వరద వచ్చేటప్పుడు ఎగువన సుంకేసుల బ్యారేజీ నుంచి ఇన్ని లక్షల క్యూసెక్కులు వదిలినారని గ్రూపులో పెడితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఏ సందులోకి ముందు నీళ్ళు వస్తాయి, ఏ దారిన పోవాలి, ఏ బడి తెరిచి ఉంది అని పెట్టాలి. ఎవరో పంపిన వీడియో పొరపాటున కూడా ముందుకు పంపొద్దు. కట్ట తెగిందన్న పుకారు ఒక్కటి చాలు, చీకట్లో జనం ఒకరినొకరు తొక్కుకుంటారు.

ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు ఎప్పుడూ అచ్చేయొద్దు. మోటారు సంగతో ర్యాంపు సంగతో ఫలానా ఇంటివాళ్ళు చెప్పినారని తెలిస్తే, ఆ రెండిళ్ళ నడుమ మాటలు పోయి రాళ్ళు పడతాయి. ప్రతి అర్జీకీ ఒక నంబరు ఇచ్చి, నంబరే వేయి. పనికి ముందూ తర్వాతా ఫోటోలు ఒకే చోట నిలబడి తీయి, వెనక ఏదో ఒక గుర్తు కనిపించాలి. కాలువలో దిగిన కార్మికుల ముఖాలు పెట్టొద్దు. గ్లవ్స్, బూట్లు లేకుండా దిగి ఉంటే ఫోటో తీసే పని మాని ముందు పని ఆపించు.

ఆఫీసు నుంచి సమాధానం రాకపోతే పత్రంలో ఎవరినీ పేరుపెట్టి తిట్టొద్దు. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకో. అదీ కదలకపోతే పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టించు, 30 రోజుల్లో చెప్పాలి. రసీదు నంబరు అచ్చేస్తే చాలు, తిట్టినదానికన్నా గట్టిగా తగులుతుంది.

అచ్చు ఖర్చు నీ గౌరవ వేతనం లోంచే పెట్టు. చాలకపోతే కాపీలు తగ్గించు, గోడలకు అంటించినవే నలుగురూ చదువుతారు. కాంట్రాక్టరు ఎవరైనా మేము వేయిస్తాం మేడం అని వస్తే మర్యాదగా టీ ఇచ్చి పంపెయ్. అడుగున ప్రింటింగ్ ప్రెస్ పేరు, కాపీల సంఖ్య ఉండాలి. ఎన్నికల కోడ్ వచ్చిన రోజు నుంచి పత్రం ఆపేయాలి, ఆ మాట మొదటి సంచికలోనే చెప్పు.

ప్రెస్సుకు ఇచ్చే ముందు ప్రూఫు ఒకటి నాకు పంపు. చూపు తగ్గింది గానీ భూతద్దం ఉంది.

ఇట్లు,
మీ పెద్దనాయన