పక్కసీటు పిల్లకి ఇద్దరమ్మలు

ప్రశ్న: మేం ఫ్లోరిడాలోని టాంపాలో ఉంటాం. మా పాప సెకండ్ గ్రేడ్. మదర్స్ డేకి క్లాసులో కార్డులు చేయిస్తే, పక్కన కూర్చునే పిల్ల రెండు చేసిందట. “తనకి ఇద్దరమ్మలెందుకు?” అని మా పాప అడిగితే, “ఇంటికెళ్ళి అడుగు” అందట టీచర్. వచ్చి నన్నడిగింది. ఎదురుగా సోఫాలో మా అత్తగారు. నాకు నోరు పెగల్లేదు. చట్టం ప్రకారం టీచర్ చెప్పకూడదా? నేనేం చెప్పాలి?
– ఒక తల్లి, టాంపా

జవాబు: టీచర్ ఒక మాట చెప్పొచ్చమ్మా. ఆవిడ భయపడి ఉంటుంది.

మీ రాష్ట్రంలో 2022లో తెచ్చిన చట్టం మూడో గ్రేడ్ దాకా లైంగిక ఆసక్తి (ఎవరి మీద ప్రేమ కలుగుతుందన్నది), జెండర్ గుర్తింపు (తమని తాము ఆడా మగా ఎలా అనుకుంటారన్నది) గురించి పాఠాలు చెప్పొద్దంది. మరుసటి ఏడు ఎనిమిదో గ్రేడ్ దాకా పొడిగించారు. కోర్టు కేసు నడిచి 2024 మార్చిలో రాజీ కుదిరింది. నిషేధం పాఠం చెప్పడం మీదే, పిల్లలు తమ ఇంటి సంగతులు మాట్లాడుకోవడం మీద కాదు అని అందులో తేల్చారు. అయితే చట్టం వచ్చిందన్న వార్త విన్నంతమంది రాజీ కాగితం చదవరు కదా.

అప్పట్లో మా చట్టం నేనూ చదవలేదు. 1990లలో లండన్‌లో లెక్కల టీచర్‌ని. అక్కడ 1988 నుంచి సెక్షన్ 28 అనే చట్ట నిబంధన ఉండేది. స్థానిక కౌన్సిళ్ళు స్వలింగ సంబంధాలను ప్రోత్సహించకూడదు, బడుల్లో వాటిని ‘ఉత్తుత్తి కుటుంబం’గా ఒప్పుకోమని నేర్పకూడదు. దాని కింద ఒక్క టీచర్ మీద కూడా కేసు పెట్టలేదు. అసలు అది కౌన్సిళ్ళ మీద పెట్టిన ఆంక్ష, టీచర్ల మీద కాదు. ఇదంతా నాకు తెలిసింది 2003లో ఇంగ్లండ్‌లో దాన్ని రద్దు చేశాక!

ఒకరోజు తొమ్మిదో తరగతి కుర్రాడొకడు గ్రాఫ్ పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పేజీ నిండా తోటివాళ్ళు ఎర్ర పెన్నుతో బూతు రాశారు, వాడు గే అని. నేనేం చేశానంటే, ఆ కాగితం చింపి, కొత్తది ఇచ్చి, “గీతలు మళ్ళీ గియ్యి” అన్నాను. ఎవరు రాశారని కూడా అడగలేదు. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుందని టెన్షన్. వాడు స్కేలు పెట్టి బుద్ధిగా గీసిచ్చాడు.

పాపకి చెప్పడం తేలికే. “కొందరికి అమ్మానాన్నా ఉంటారు, కొందరిని అమ్మమ్మ పెంచుతుంది, తనని ఇద్దరమ్మలు పెంచుతున్నారు.” ఏడేళ్ళ పిల్లకి అది చాలు. ఇంకా అడిగితే అప్పుడు చూడండి. అత్తగారి ముందే చెప్పండి, పక్కగదిలోకి తీసుకెళ్తే అదేదో తప్పుమాట అనుకుంటుంది పాప. పెద్దావిడకి ప్రశ్నలుంటే అవి మీరూ మీవారూ చూసుకోండి.

ఇంకొకటి. టీచర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టండి: “పాప అడిగింది, మేం చెప్పాం. మళ్ళీ అడిగితే మీరు జవాబిచ్చినా మాకు అభ్యంతరం లేదు.” అలాంటి ఉత్తరం ఒక్కటి నా సొరుగులో ఉండి ఉంటే, ఆ కుర్రాణ్ణి కాసేపు కూర్చోబెట్టేదాన్ని.