మీరడిగారు: ఎండాకాలం ఆస్టిన్ వెళ్తే ఏం చూడాలి, పాట ఎక్కడ వినాలి?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఆస్టిన్ పక్కన లియాండర్‌లో ఉంటాడు. జూన్‌లో వెళ్లి ఆగస్టు చివరిదాకా ఉంటాం. మాకిద్దరికీ అరవై దాటాయి. చిన్నప్పుడు నేను ఫిడేలు నేర్చుకున్నాను, అది సంగీతానికి పేరున్న ఊరని విన్నాను. కానీ పోయినసారి ఎండకి భయపడి ఇంట్లో టీవీ చూస్తూనే గడిపేశాం. ఈసారి ఏం చేయొచ్చు?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: నరసరావుపేట నుంచి వెళ్లి ఎండకి భయపడ్డామంటే రెంటచింతల వాళ్లు నవ్వుకుంటారండీ! అయినా అక్కడి ఎండ తక్కువదేమీ కాదు లెండి. 2023లో వరసగా 45 రోజులు పగటి ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు, మన లెక్కలో 38 అన్నమాట. అసలు చిక్కు ఎక్కడంటే, మనూళ్లో పొద్దున్నే లేచి పదిలోపు పనులు ముగించుకుని తలుపులేసుకోవడం మనకి బాగా తెలుసు, అమెరికాలో దిగగానే అది మర్చిపోయి, శనివారం అందరూ తీరిగ్గా లేచి, టిఫిన్లయ్యి, మిట్టమధ్యాహ్నం కారెక్కుతాం. ఆ టైముకి ఆస్టిన్ వాళ్లు ఎవరూ బయట ఉండరు.

జూన్ నెలాఖరులో అక్కడ పొద్దు గుంకేది రాత్రి ఎనిమిదిన్నర దాటాక. అంటే మీ అబ్బాయి లాప్‌టాప్ మూశాక కూడా బోలెడంత వెలుగుంటుంది, వీకెండ్ దాకా ఆగక్కర్లేదు. పొద్దున పదిలోపు నడక, మధ్యాహ్నం ఏసీ ఉన్న చోటు, ఏడున్నర తర్వాత పాట. ఇది పట్టుకుంటే చాలు.

మీరున్న లియాండర్‌కి ఒక సుఖం ఉంది. 2010లో మొదలైన మెట్రోరైల్ అక్కడే బయల్దేరి డౌన్‌టౌన్‌కి వెళ్తుంది. అబ్బాయి ఆఫీసు పనిలో ఉన్నా మీరిద్దరే వెళ్లిరావచ్చు, కాకపోతే తిరుగు బండి టైము ముందే చూసుకోండి, రాత్రి పొద్దుపోయేదాకా అన్ని రోజులూ నడవదు. దిగి ముందు కాపిటల్‌కి వెళ్లండి, అంటే టెక్సాస్ శాసనసభ భవనం. 1888లో ఎర్ర గ్రానైట్‌తో కట్టారు, వాషింగ్టన్‌లో ఉన్న దేశపు కాపిటల్ కన్నా పద్నాలుగడుగులు ఎక్కువే ఎత్తు, ఆ గొప్ప వాళ్లు చెప్పకుండా వదలరు. ప్రవేశం ఉచితం, గైడు కూడా ఉచితమే. గుమ్మటం కింద నేల మీద నక్షత్రం మధ్యలో నిలబడి మెల్లగా షడ్జమం పట్టి చూడండి, మీ గొంతు మీకే తిరిగొస్తుంది. అక్కణ్నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌లోని హ్యారీ రాన్సమ్ సెంటర్ దగ్గరే, అదీ ఉచితమే. గూటెన్‌బర్గ్ అచ్చువేసిన బైబిలూ, కెమెరాతో తీసినవాటిలో ఇప్పటికి మిగిలిన అన్నిటికన్నా పాత ఫొటో కూడా అక్కడున్నాయి. మధ్యాహ్నం చల్లగా గడిచిపోతుంది.

సాయంత్రం కాంగ్రెస్ అవెన్యూ వంతెన. గబ్బిలాలు చూడటానికి అనగానే మీవారు మొహం చిట్లిస్తారేమో, తీసుకెళ్లండి. 1980లో ఆ వంతెనని తిరిగి కట్టినప్పుడు కింద కాంక్రీటులో మిగిలిన సందుల్లోకి మెక్సికో నుంచి వచ్చే గబ్బిలాలు చేరాయి, వేసవిలో పదిహేను లక్షల దాకా ఉంటాయి. మొదట్లో జనం వాటిని తరిమేయాలనుకున్నారు, ఇప్పుడు టూరిస్టులంతా వాటికోసమే వస్తున్నారు. జూన్‌లో పిల్లలు పుడతాయి, ఆగస్టుకి అవి కూడా తల్లులతో పాటు పురుగుల వేటకి బయల్దేరతాయి, కాబట్టి మీరు ఆగస్టులో వెళ్తేనే బాగా నిండుగా కనిపిస్తుంది. కచ్చితమైన టైమంటూ ఉండదు, ఒక్కోరోజు చీకటిపడ్డాక గానీ లేవవు. ఓపిక కావాలి, మంచినీళ్ల సీసా కావాలి.

ఇక మీ ఫిడేలు సంగతి. సౌత్ లమార్ రోడ్డు మీద బ్రోకెన్ స్పోక్ అని 1964 నుంచి నడుస్తున్న డాన్స్ హాలుంది. చుట్టూ పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు లేచాయి గానీ అది మాత్రం ఇంకా పాత గోదాములాగే ఉంటుంది. కంట్రీ సంగీతం, అంటే అమెరికా పల్లె పాట, టోపీలు పెట్టుకున్న పెద్దవాళ్లు జంటలుగా డాన్స్ చేస్తుంటారు. మీ వయసు వాళ్లే ఎక్కువ, కాబట్టి మొహమాటపడకండి. బ్యాండులో ఫిడేలు ఉన్న రోజు ఏదో అడిగి వెళ్లండి. బాబ్ విల్స్ అనే టెక్సాస్ ఫిడేలు వాద్యగాడు 1930లలో పేరు తెచ్చిన వెస్టర్న్ స్వింగ్ అనే డాన్సు సంగీతం దొరికితే మరీ మంచిది, అందులో రెండు ఫిడేళ్లు జంటగా వాయిస్తారు. మన గమకం కోసం వెతక్కండి, దొరకదు. విల్లు ఎలా నడుపుతున్నారో చూడండి, లయ అంతా ఆ కుడిచేతిలోనే ఉంటుంది. పాఠం నేర్చుకున్నవాళ్లు కాబట్టి మీకు పక్కవాళ్లకన్నా ఎక్కువ అందుతుంది.

బార్‌లోకి మేమేంటి అనుకోకండి. మందు తాగమని ఎవరూ అడగరు, టోపో చికో అని సోడా సీసా ఉంటుంది, అది పుచ్చుకుని కూర్చోవచ్చు. పాస్‌పోర్టు మాత్రం దగ్గర పెట్టుకోండి, జుట్టు నెరిసినా సరే గుమ్మం దగ్గర వయసు రుజువు అడిగే కుర్రాళ్లున్నారు.

అదీ వద్దనుకుంటే జిల్కర్ పార్కులో కొండవాలు మీద నాటకం. 1959 నుంచి ఏటా జులై, ఆగస్టుల్లో పాటలతో నడిచే నాటకం ఒకటి వేస్తారు, టికెట్ లేదు. దుప్పటి పరుచుకుని చూడాలి. మధ్యలో డబ్బా పట్టుకుని చందాలకి వస్తారు, వేయండి. పల్లెల్లో రాత్రిపూట నాటకాలు చూసిన తరం కదా మీది, అమెరికాలో మీకు కొత్తగా అనిపించని చోటు బహుశా ఇదొక్కటే.

ప్రశ్న: డాలస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. జులైలో ఫ్రెండ్స్‌తో రెండు రోజులు ఆస్టిన్ ప్లాన్ చేస్తున్నాం. ఏసీఎల్ ఫెస్టివల్ అప్పుడే ఉంటుందా? సిక్స్త్ స్ట్రీట్ తప్పకుండా చూడాలంటున్నారు, నిజమేనా?
– ఒక విద్యార్థి, డాలస్

జవాబు: ఏసీఎల్, అంటే ఆస్టిన్ సిటీ లిమిట్స్ సంగీతోత్సవం, అక్టోబర్‌లో, సౌత్ బై సౌత్‌వెస్ట్ అనే ఇంకో ఉత్సవం మార్చిలో. జులైలో ఏదీ లేదు, అదే మీ అదృష్టం బాబూ, ఆ రోజుల్లో హోటల్ రేట్లు స్టూడెంట్లు భరించేవి కావు. పెద్ద ఫెస్టివల్ చూస్తేనే ఆస్టిన్ చూసినట్టు కాదు. ‘ప్రపంచ లైవ్ మ్యూజిక్ రాజధాని’ అని 1991లో నగర కౌన్సిలే తీర్మానించుకుంది, కాస్త అతిగా అనిపించినా, విమానాశ్రయంలో కూడా బ్యాండ్లు వాయిస్తుంటాయి కాబట్టి సరేలే అనుకోవచ్చు. అక్కడి గొప్పతనం చిన్న చోట్లలో ఉంది, వాయించేవాడి చెమట కనిపించేంత దగ్గరగా కూర్చుంటారు.

సిక్స్త్ స్ట్రీట్ గురించి నన్నడిగితే, శనివారం రాత్రి అక్కడ పాట కన్నా తాగినవాళ్ల గోల ఎక్కువ. ఒకసారి అటు నుంచి ఇటు నడిచేసి బయటపడండి. సౌత్ కాంగ్రెస్‌లో కాంటినెంటల్ క్లబ్‌కి వెళ్లండి, 1955 నాటిది, సాయంత్రం పెందలాడే ఒక షో, రాత్రి ఇంకొకటి ఉంటాయి. బ్లూస్ ఇష్టమైతే డౌన్‌టౌన్‌లో ఆంటోన్స్. 1975లో క్లిఫర్డ్ ఆంటోన్ అనే కుర్రాడు, అప్పటికి పాతికేళ్లయినా ఉన్నాయో లేదో, షికాగో బ్లూస్ పెద్దవాళ్లని పిలిపించి వాయించడానికే పెట్టిన క్లబ్ అది, చోట్లు మారినా పేరు నిలిచింది. బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ కుర్రతనంలో ఆ స్టేజీ మీదే ఆ పెద్దవాళ్ల పక్కన నిలబడి రాటుదేలాడు. 1990లో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయాడు, 1993లో ఊరి మధ్య లేడీ బర్డ్ లేక్ అనే చెరువు ఒడ్డున విగ్రహం పెట్టారు. గిటార్ వాయించేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే పొద్దున్నే అక్కడికి నడవండి. కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ విగ్రహం డౌన్‌టౌన్‌లో, మూడీ థియేటర్ ముందు ఉంది. ఆ చెరువులో పడవ వేసుకోవచ్చు గానీ ఈత నిషేధం, సాహసాలు చేయకండి.

ఒక్క మాట. గుమ్మం దగ్గర కవర్ చార్జీ కట్టాం కదా అని లోపల టిప్పు డబ్బాని చూడనట్టు కూర్చోవద్దు. ఆ ఊళ్లో అద్దెలు పెరిగిపోయి వాయించేవాళ్లే ఊరు వదిలే పరిస్థితి వచ్చింది, మనిషికో ఐదు డాలర్లు వేస్తే మీ బిర్యానీ ఖర్చేమీ ఆగిపోదు. తాగితే కారు ముట్టుకోవద్దు, వీసా మీద ఉన్నవాళ్లకి ఆ కేసు చదువు దాకా వస్తుంది.

ప్రశ్న: సీడర్ పార్క్‌లోనే ఉంటాం, పిల్లలకి ఎనిమిది, ఐదేళ్లు. సెలవుల్లో వాళ్లని ఇంట్లో ఆపలేకపోతున్నా. నీళ్లు, పాటలు రెండూ కలిసొచ్చే చోటు చెప్పండి.
– ఒక గృహిణి, సీడర్ పార్క్

జవాబు: ఊళ్లోనే అయితే బార్టన్ స్ప్రింగ్స్. భూమి లోపల సున్నపురాయి పొరల్లోంచి ఊరే నీళ్లు, ఏడాది పొడుగునా 20, 21 డిగ్రీలే, దిగగానే పిల్లలు కేకలు పెడతారు, కాసేపటికి పైకి రమ్మన్నా రారు. మూడెకరాల కొలను, అడుగున రాళ్లకి పాచి ఉంటుంది, చిన్నవాడి చెయ్యి వదలకండి. గురువారం శుభ్రం చేయడానికి పగలంతా మూసేస్తారు, ఈ సంగతి తెలియక కారు నిండా తువ్వాళ్లతో వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లు చాలామంది. తినేవి లోపలికి రానివ్వరు. ఆస్టిన్ వాసులకి ఒక రేటు, బయటివాళ్లకి ఎక్కువ రేటు, సీడర్ పార్క్ బయట కిందే లెక్క. సాయంత్రం నాలుగున్నరకి వెళ్లి ఈతయ్యాక పక్కనే ఉన్న ఆ కొండవాలు నాటకానికి పిల్లల్ని తీసుకెళ్తే రోజు గడిచిపోతుంది.

ఇంకాస్త దూరం వెళ్లగలిగితే న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో గ్రీన్ హాల్. ఆస్టిన్ నుంచి దక్షిణంగా ఓ గంట. మ్యాప్‌లో జర్మన్ స్పెల్లింగ్‌తో (Gruene) ఉంటుంది, రంగు పేరు కొట్టి వెతికితే దొరకదు. 1878లో కట్టిన చెక్క హాలు, ఏసీ లేదు, పక్క తడికెలు పైకెత్తి ఫ్యాన్లు పెడతారు. పగలు కూడా పాట ఉంటుంది. పక్కనే గ్వాడలూప్ నదిలో ట్యూబుల మీద తేలుతూ వెళ్లడం అందరికీ సరదా, కానీ నీటి మట్టం అడక్కుండా ఐదేళ్లవాణ్ని దింపొద్దు. కొండ ప్రాంతపు నదులు వానకి ఎంత త్వరగా పొంగుతాయో ఆ చుట్టుపక్కల వాళ్లకి బాగా తెలుసు.

ప్రశ్న: మేం శాకాహారులం. కచేరీలకని రాత్రిళ్లు తిరిగితే తిండి ఎలా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పొద్దున బ్రేక్‌ఫాస్ట్ టాకో, బంగాళాదుంప, చీజ్‌తో చేయించుకోండి. రాత్రి టెక్స్‌మెక్స్, అంటే టెక్సాస్ తరహా మెక్సికన్ వంటల హోటళ్లు దొరుకుతాయి గానీ రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి: రాజ్మా ముద్దలో పంది కొవ్వు వేశారా, అన్నం కోడి రసంతో వండారా. చాలాచోట్ల వేస్తారు, అడిగితే దాచకుండా చెప్తారు. బార్బెక్యూ దుకాణం ముందు పెద్ద లైను చూసి అల్లుడు ఊరిస్తే, బ్రిస్కెట్ అంటే ఆవు మాంసమని ముందే తెలుసుకోండి. కారం చాలకపోతే హబనేరో సల్సా అడగండి. ఆదివారం రాధా మాధవ్ ధామ్ గుడికి వెళ్లొచ్చు, ఊరికి నైరుతిగా రెండొందల ఎకరాల్లో ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి, పది తర్వాత అక్కడా నీడ వెతుక్కోవాల్సిందే.