ఐదేళ్ల పాపకు ఇంట్లో లెక్కలు నేర్పడానికి ఏం కొనాలి?

మీ పాపకు ఐదేళ్లని, వంద దాకా గడగడా ఒప్పజెబుతుందని, కానీ పది గింజలు ముందు పోస్తే లెక్క తప్పుతోందని రాశారు. ఆన్‌లైన్‌లో ఏ సెట్ తీసుకోమంటారని అడిగారు. ఇప్పుడే ఏమీ కొనకండి.

మాది కావలి. మా అబ్బాయికీ, మా వదిన కూతురికీ లెక్కలు ఇంట్లో నేనే మొదలుపెట్టించాను. మొదట్లో చింతపిక్కలు, తుమ్మలపెంట బీచ్‌లో ఏరుకొచ్చిన గవ్వలే సరిపోయాయి. ఇంట్లో పాత వామనగుంటల పలక ఉంటే ఇంకా మంచిది. ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేసుకుంటూ పోతే నోటి లెక్కకూ చేతికీ జత కుదురుతుంది. మూడేళ్ల లోపు పిల్లలుంటే మాత్రం గింజలు వాళ్లకు అందనీయకండి, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు.

ఆ తర్వాత ఐస్‌క్రీమ్ పుల్లలు, రబ్బరు బ్యాండ్లు. నా ఓటు వీటికే. పది పుల్లలు లెక్కపెట్టి కట్ట కట్టేది పాపే అయ్యుండాలి, మీరు కట్టి ఇవ్వకూడదు. 32లోంచి 15 తీసేయమనండి. ముందు మూడు కట్టలు, రెండు విడి పుల్లలు ఉంటాయి. ఐదు విడివి ఇవ్వాలి, ఉన్నవి రెండే. కాసేపు అటూ ఇటూ చూసి ఒక కట్ట విప్పుతుంది. ఇప్పుడు విడివి పన్నెండు. వాటిలోంచి ఐదు, కట్టల్లోంచి ఒకటి తీసేస్తే 17 మిగులుతాయి. రేపు బడిలో 'పక్కనుంచి అప్పు తెచ్చుకో' అన్నప్పుడు ఆ అప్పేమిటో పాప చేతికి తెలిసే ఉంటుంది. పదీ అతికించేసి వచ్చే ప్లాస్టిక్ బ్లాకులు ఇలా విడిపోవు, ఒకటిచ్చి పది మార్చుకోవాలి. అందుకే అవి పుల్లల తర్వాతే.

డబ్బు పెట్టి కొనేదైతే క్యూసనేర్ కడ్డీలు కొనండి. బెల్జియం మాస్టారు జార్జ్ క్యూసనేర్ తయారుచేసినవి. 1 సెం.మీ. నుంచి 10 సెం.మీ. దాకా పది పొడవులు, పొడవుకో రంగు. 3, 7 కడ్డీలు కలిపి 10 పక్కన పెడితే సమానమని కంటికే తెలిసిపోతుంది. వడ్రంగి చేత కోయించుకోవచ్చు కూడా, కాకపోతే కొలతలో తేడా రాకూడదు. రంపం తినేసే మందం చూసుకోకపోతే 3, 7 కలిపినా 10కి చాలదు. పాప మన మాటకన్నా తన కళ్లనే నమ్ముతుంది.

పైన ఒక పూస, కింద నాలుగు ఉండే అబాకస్ ఇప్పుడే వద్దండి. పై పూస ఒక్కటే ఐదుకు సమానమంటే ఈ వయసులో తికమక.

పుల్లలు ముట్టుకోకుండా కాగితం మీద కట్టలు గీసుకుని చేయడం మొదలుపెట్టాక డబ్బా పక్కన పెట్టేయొచ్చు. మళ్లీ అడిగితే మాత్రం 'ఇంకా పుల్లలేంటి' అనకుండా ఇచ్చేయండి.