సిగ్గు ఐదు నిమిషాలే, తిమ్మిరి మాత్రం చివరిదాకా

వచ్చే వారం మొదటిసారి లైఫ్ డ్రాయింగ్ (ఎదురుగా ఉన్న మనిషిని చూసి బొమ్మ గీయడం) తరగతికి నగ్న మోడల్‌గా వెళ్తున్నానని, సిగ్గుతో నిలబడలేకపోతే ఎలా అని అడిగారు. నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను కాబట్టి నా అనుభవం చెబుతాను.

గౌను విప్పే క్షణంలో గుండె దడదడలాడుతుంది, నిజమే. ఆ తర్వాత ఒకరు ఒక కన్ను మూసి, చేయి చాచి, పెన్సిల్ మీద బొటనవేలు జరుపుతూ మీ తల పొడవుతో ఒళ్లంతా కొలుస్తారు. ఇంకొకరు మీ మోకాలి వంక చూసి విసుక్కుని రబ్బరు అందుకుంటారు. వాళ్ల దృష్టిలో మీరొక తెగని లెక్క అని అర్థమయ్యేసరికి సిగ్గు ఎటో పోతుంది.

కదలకుండా ఉండటమే కష్టం. సాధారణంగా ఒకటి రెండు నిమిషాల పోజులతో మొదలుపెట్టి, ఐదు, పది, ఇరవై నిమిషాలకు వెళ్తారు. ఒళ్లు మెలితిప్పడం, చేతులు పైకెత్తడం వంటి విన్యాసాలన్నీ ఆ మొదటి పోజుల్లోనే కానిచ్చేయండి. నా మొదటి ఇరవై నిమిషాల పోజుకు నేను ఒక చేయి నడుము మీద, రెండోది తల వెనక పెట్టుకుని నిలబడ్డాను. ఇంట్లో అద్దంలో భలే ఉంది మరి! నాలుగో నిమిషానికి వేళ్లలో చీమలు పాకాయి. ఏడో నిమిషానికి ఆ చేయి నాది కాదు. ఎవరూ గమనించరనుకుని కొంచెం కొంచెంగా దించాను. విరామంలో ఒకావిడ నవ్వుతూ కాగితం చూపించారు: మోచేయి మూడు చోట్ల గీసి ఉంది.

నిలబడినప్పుడు మోకాళ్లు బిగబట్టకండి. రక్తం కాళ్లలోనే నిలిచిపోయి కళ్లు తిరుగుతాయి, కొందరు పడిపోతారు కూడా. అలా అనిపిస్తే ఎవరినీ అడగకుండా కూర్చోండి. కాలు మీద కాలు వేసుకుని ఎక్కువసేపు కూర్చుంటే మోకాలి పక్క నరం నొక్కుకుపోయి పాదం మొద్దుబారుతుంది. టైమర్ మోగగానే లేవకండి, ముందు వేళ్లు కదపండి. చూపు గోడ మీద ఒక చుక్కపై నిలపండి, మనిషి ముఖం మీద మాత్రం వద్దు. ముక్కు దురద పెడితే భరించండి, చాలాసార్లు అదే తగ్గిపోతుంది. ఈగ వాలితే మాత్రం నా దగ్గర ఉపాయం లేదు.

పోజు పొడవైనదైతే ఇరవై నిమిషాలకో, ఇరవై అయిదు నిమిషాలకో విరామం ఇస్తారు. తిరిగి అదే చోటికి రావడానికి పాదాల చుట్టూ టేపుతోనో సుద్దతోనో గుర్తు పెడతారు. విరామంలో గౌను వేసుకుని తిరగండి. బొమ్మలు చూడటం మీ ఇష్టం. చూస్తే మాత్రం, కొత్తగా నేర్చుకునేవాళ్లు గీసిన మీ పొట్టను మనసుకు తీసుకోకండి.

బట్టలు మార్చుకోవడానికి చోటుందా, హీటర్ ఉందా అని ముందే అడగండి. బట్టలేసుకున్నవాళ్లకు హాయిగా ఉన్న గది కదలని మనిషికి చలిపెడుతుంది. ఎంతవరకు విప్పాలో కూడా ముందే తేల్చుకోండి. ఈ గుడ్డముక్క మీద గొడవలు కొత్తవి కావు: అమ్మాయిలున్న తరగతిలో మగ మోడల్ మొలగుడ్డ తీసేసినందుకు అమెరికన్ చిత్రకారుడు థామస్ ఈకిన్స్ 1886లో ఫిలడెల్ఫియాలో బోధన ఉద్యోగమే వదులుకోవలసి వచ్చింది. పోజు సరిచేయాలంటే మాటలతో చెప్పాలి, ఎవరూ మిమ్మల్ని ముట్టుకోకూడదు. ఎవరైనా ఫోను ఎత్తితే పోజు వదిలేసి గౌను వేసుకోండి, మొహమాటం అక్కర్లేదు.

గౌను, చెప్పులు, కూర్చోవడానికి మీ సొంత దుప్పటి, నీళ్లు తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు వదులు బట్టలు వేసుకోండి, ఎలాస్టిక్ నొక్కిన గుర్తులు చాలాసేపు పోవు, వాటినీ శ్రద్ధగా గీసేస్తారు. కాస్త తిని వెళ్లండి, ఆ నిశ్శబ్దంలో కడుపు మూలిగితే గది మొత్తానికి వినిపిస్తుంది.

ముందు రోజు ఇంట్లో టైమర్ పెట్టుకుని, అనుకున్న పోజులో ఇరవై నిమిషాలు ఉండి చూడండి. నేను అద్దంలో అర నిమిషం చూసుకుని వెళ్లాను.