మలుగు పిల్లలకు అడ్డుకట్ట మీద దారి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

మీ ఊరి వాగు మీద చెక్‌డ్యామ్ దగ్గర చేపలు ఆగిపోతున్నాయని, అక్కడ మెట్లు కట్టించాలని ఉందని నీవు రాసినది చదివి ఎంతో సంతోషించాను. అయితే సిమెంటు కొనక ముందే, ఆ అడ్డు కింద ఆగుతున్నవి ఏ జీవాలో జాలరులను అడిగి తెలుసుకో. ఎగిరి దూకే సాల్మన్ చేప కోసం పుట్టిన మెట్లు పులసకు పనికిరావు. అది ఎదురీదుతుందే గాని దూకదు. గంగ మీద ఫరక్కా బ్యారేజీ 1975లో మొదలయ్యాక ఎగువ నీళ్లలో ఆ జాతి బాగా తగ్గిపోయింది.

మలుగు పాము సంగతి వేరు. పేరుకు పామే గాని, అది పాములా పొడవుగా ఉండే చేప. పెద్దది సముద్రానికి దిగి, అక్కడ గుడ్లు పెట్టి చనిపోతుంది. గాజులా పారదర్శకంగా ఉండే పిల్లలు నదీ ముఖాలకు చేరి, రంగు తిరిగి, వాగుల్లోకి ఎగబాకుతాయి. జానెడు కూడా లేని ఆ పిల్లలు తడి గోడకు పొట్ట అంటించుకుని, రాత్రిపూట నిలువునా ఎక్కగలవు. వాటిని ఆపేది ఎత్తు కంటే పొడి గోడ, ఉధృతమైన ధార, గోడ నుంచి బయటికి పొడుచుకు వచ్చిన అంచు. కాబట్టి ధారకు పక్కగా, గరుకుగా ఉండే ఏటవాలు ఒకటి కట్టి, దాని మీద పల్చని నీటి పొర మాత్రమే నిత్యం పారేలా చూడు. పై అంచును గుండ్రంగా నునుపు చెయ్యి. న్యూజిలాండ్‌లో ఆల్చిప్పల సాగుకు వాడే పీచు తాళ్లను తూముల్లో వేలాడదీసి చిన్న చేపలకు, మలుగు పిల్లలకు పట్టు కల్పిస్తారు. తాళ్లు తెగకుండా, నీటికి అడ్డుపడకుండా గట్టిగా కట్టడం ముఖ్యం.

ఈదే చేపలకు రాళ్లు పేర్చిన ఏటవాలు కావాలి. అడుగు ఎత్తుకు కనీసం 20 అడుగుల పొడవు, చిన్న చేపలైతే 30 అడుగులు ఉండాలి. నీటిపారుదల శాఖ అనుమతి లేకుండా గోడను తాకవద్దు.

ఎక్కేవాటి గురించే అందరూ ఆలోచిస్తారు. పెద్ద మలుగులు వరద నీటితో దిగివస్తాయి గనుక, ఆ రోజుల్లో వాటికీ తెరిపి దారి ఉంచాలి. గోడ కింద గుమిగూడిన మలుగు పిల్లల మీద వలలు వేయకుండా ఊరివారితో ముందే మాట్లాడి ఒప్పించు.

ఇట్లు,
మీ పెదనాన్న