ఎంఎస్ మొదటి సెమిస్టర్‌లోనే కెరీర్ ఫెయిర్‌కి వెళ్తే ఏమైనా ఉపయోగం ఉంటుందా?

"ఆగస్టులో అమెరికా వచ్చాం, సెప్టెంబర్‌లోనే యూనివర్సిటీలో కెరీర్ ఫెయిర్ (కంపెనీలు వచ్చి మనుషుల్ని వెతుక్కునే ఉద్యోగ మేళా) అంటున్నారు, ఇంకా క్లాసులే కుదురుకోలేదు, వెళ్లాలా?" అని అడిగారు. తప్పకుండా వెళ్లండి. వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌లకి పెద్ద కంపెనీలు మనుషుల్ని వెతికేది ఎక్కువగా ఈ సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లోనే. ఫిబ్రవరిలో జరిగే ఫెయిర్‌కి చూసుకుందాంలే అనుకుంటే అప్పటికి చాలా ఖాళీలు నిండిపోతాయి. మామూలుగా రెండు సెమిస్టర్లు పూర్తయ్యాకే సీపీటీ (చదువుతుండగానే బయట పని చేసే అనుమతి) ఇస్తారు కాబట్టి మీకు ఇంటర్న్‌షిప్ చేసే వీలు దొరికేది సరిగ్గా ఆ వేసవిలోనే. పైగా చదువయ్యాక ఓపీటీ (స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసే అనుమతి) మొదలైతే మొత్తం మీద 90 రోజులకు మించి పని లేకుండా ఉండకూడదు. ఆ రోజులు చాలా వేగంగా కరిగిపోతాయి.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. మనవాళ్లు ఫెయిర్‌లో కంపెనీ బూత్ దగ్గరికి వెళ్లగానే "మీరు స్పాన్సర్ చేస్తారా?", అంటే మా వర్క్ వీసాకి మీరు దరఖాస్తు వేస్తారా అనే మాటతోనే మొదలుపెడతారు. ఇది అడగాల్సిన ప్రశ్నే, కానీ అక్కడ కాదు, అప్పుడు కాదు. బూత్‌లో నిలబడే హెచ్ఆర్ మనిషికి ఏ టీమ్ ఏం చేస్తుందో తెలియదు. తప్పు మాట ఇవ్వకూడదు కాబట్టి "వెబ్‌సైట్ చూడండి" అనేసి పక్కవాళ్లని పిలుస్తారు. ముప్పావుగంట లైన్లో నిలబడి సంపాదించేది ఆ ఒక్క ముక్క.

ఆ సమాధానం ఫెయిర్‌కి వారం ముందే ఇంట్లో కూర్చుని తెలుసుకోవచ్చు. యూనివర్సిటీలు విద్యార్థుల ఉద్యోగాల కోసం వాడే హ్యాండ్‌షేక్ వెబ్‌సైట్‌లో, ఫెయిర్‌కి వచ్చే కంపెనీల జాబితా, వాళ్లు పెట్టిన ఉద్యోగాలు ఉంటాయి. ఓపీటీ, సీపీటీ వాళ్లని తీసుకుంటారా, వీసా స్పాన్సర్ చేస్తారా అన్నది అక్కడే ఫిల్టర్ పెట్టి చూడండి. అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో హెచ్-1బీ (కంపెనీ స్పాన్సర్ చేసే వర్క్ వీసా) ఎంప్లాయర్ డేటా హబ్ అని ఉంటుంది. ఏ కంపెనీకి ఏ ఏడాది ఎన్ని పిటిషన్లు ఆమోదించారో అందులో కనిపిస్తుంది. కంపెనీ జనం నోట్లో ఉండే పేరుతో దొరక్కపోతే చట్టబద్ధంగా నమోదైన పేరుతో వెతకండి. కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగి పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) ఉందో లేదో కూడా చూడండి, అది లేకపోతే స్టెమ్ ఓపీటీ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం డిగ్రీలవాళ్లకి ఓపీటీ పొడిగింపు) కుదరదు. లాక్‌హీడ్ మార్టిన్, నార్త్‌రప్ గ్రమ్మన్ లాంటి రక్షణ కంపెనీల్లో చాలా పనులకు అమెరికా పౌరసత్వం, సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి. ఆ లైన్లు వదిలేయండి. మిగిలిన వాటిలోంచి ఎనిమిది కంపెనీలు ఎంచుకుంటే చాలు.

ఆ ఎనిమిదిలో అందరూ ఎగబడే పేర్లు మూడింటికి మించి పెట్టుకోవద్దు. బీమా, బ్యాంకు, కరెంటు కంపెనీలు, యంత్రాలు తయారుచేసేవాళ్లు కూడా సాఫ్ట్‌వేర్, డేటా మనుషుల్ని తీసుకుంటారు, అక్కడ లైన్ చిన్నది. యూనివర్సిటీలు, వాటి అనుబంధ ఆసుపత్రులు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలు హెచ్-1బీలకి ఏటా తీసే లాటరీతో సంబంధం లేకుండా ఏడాదిలో ఎప్పుడైనా హెచ్-1బీ వేయగలవు. మనవాళ్లు ఆ బూత్‌ల వైపు కన్నెత్తి చూడకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

రెజ్యూమే ఒక్క పేజీ. ఏ4 మీద కాదు, 8.5 × 11 అంగుళాల లెటర్ సైజులో సెట్ చేసి పదిహేను కాపీలు తీయించండి. ఫొటో, పుట్టినతేదీ, తండ్రి పేరు, పెళ్లి వివరాలు, చివర్లో మన కాలేజీల్లో అలవాటు చేసే డిక్లరేషన్, ఇవన్నీ తీసేయండి. బీటెక్ సీజీపీఏ 8.1/10 అయితే అలాగే రాయండి, సొంతంగా అమెరికా పద్ధతిలో 4కి మార్చొద్దు. కన్సల్టెన్సీలు మూడేళ్ల లేని అనుభవం అంటగడతామని వస్తాయి. అలా చేసిన పిల్లలకి ఆఫర్ వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో పోతుంది, పైగా వీసా దరఖాస్తు చేసినప్పుడు కూడా ఆ అబద్ధం వెంటాడుతుంది. దయచేసి వాళ్ల ఫోన్ ఎత్తకండి.

ఇక బూత్ దగ్గర మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. మొదటి ఇరవై సెకన్లలో నాలుగు సంగతులు చెప్పాలి: పిలవడానికి వీలైన చిన్న పేరు, కోర్సు, డిగ్రీ పూర్తయ్యే నెలా సంవత్సరం, కావలసింది ఇంటర్న్‌షిప్పా ఫుల్‌టైమా. ఆ నెల చాలా ముఖ్యం. వాళ్లు సాయంత్రం రెజ్యూమేలు వేరుచేసేది దాన్ని బట్టే. తర్వాత వాళ్ల ఉద్యోగ ప్రకటనలోని ఒక పనికి సరిపోయే ఒక్క ప్రాజెక్టు చెప్పండి: సమస్య ఏమిటి, అందులో మీరు చేసిందేమిటి, ఫలితం ఎంత. "మా టీమ్ చేసింది" అంటే మీ వాటా ఏమిటో ఎదుటివాళ్లకి అర్థం కాదు. హాల్లో గోల ఎక్కువ, మనకి కంగారులో మాట వేగం పెరుగుతుంది. మామూలు కంటే నెమ్మదిగా, గట్టిగా మాట్లాడండి.

ఎదురుగా ఉన్నది హెచ్ఆరా ఇంజినీరా అని అడిగి తెలుసుకోండి. ఇంజినీర్ అయితే ఈ ఏడాది వాళ్ల టీమ్‌లో ఇంటర్న్‌లకి ఏ పని ఇచ్చారో అడగండి. హెచ్ఆర్ అయితే ఏ జాబ్ నంబర్‌కి అప్లై చేయాలి, ఇంటర్వ్యూలు ఎప్పుడు మొదలవుతాయి అని అడగండి. వీసా మాట చివర్లో, అదీ సమాచారం ఇస్తున్నట్టుగా చెప్పాలి: "నాకు ఓపీటీ 12 నెలలు, స్టెమ్ డిగ్రీ కాబట్టి మరో 24 నెలలు ఉంటుంది. మీ కంపెనీ ఈ-వెరిఫైలో ఉండి ఐ-983 ఫారం (స్టెమ్ ఓపీటీ శిక్షణ ప్రణాళిక) నింపితే చాలు, ఆ మూడేళ్లూ కంపెనీ వీసా పిటిషన్ వేయక్కర్లేదు." చిన్న కంపెనీల్లో చాలామందికి ఈ సంగతే తెలియదు. కానీ ఆన్‌లైన్ ఫారంలో "ఇప్పుడు గానీ, ముందుముందు గానీ స్పాన్సర్‌షిప్ అవసరమా" అని అడిగితే "అవును" అనే పెట్టండి. ఇక్కడ దాస్తే ఆఫర్ చేతిదాకా వచ్చి పోతుంది.

తలుపులు తీసే సమయానికే వెళ్లండి. మొదట అంతగా ఆశ పెట్టుకోని రెండు బూత్‌ల దగ్గర నోరు తిప్పుకుని, మూడోది మీకు బాగా కావలసిన కంపెనీ పెట్టుకోండి. చివరి గంటలో వాళ్లు సామాను సర్దుకుంటుంటారు, వినే ఓపిక ఉండదు. రూమ్మేట్లు నలుగురు కలిసి ఒకే లైన్లో తెలుగులో మాట్లాడుకుంటూ నిలబడొద్దు. నలుగురికీ కలిపి ఒకే సమాధానం చెప్పి పంపేస్తారు. టీషర్టులు, సంచులు ఏరుకోవడం ఆఖర్న పెట్టుకోండి, చేతి నిండా సంచులతో వచ్చినవాళ్లని బూత్‌లో ఎవరూ పట్టించుకోరు.

లైన్ దాటి పక్కకి రాగానే ఫోన్‌లో మూడు ముక్కలు రాసుకోండి: మాట్లాడినవాళ్ల పేరు, జాబ్ నంబర్, మీ ఇద్దరి మధ్య వచ్చిన ఒక విషయం. ఐదో బూత్ దాటాక ఎవరేమన్నారో కలిసిపోతుంది. ఆ రాత్రే ఆ నంబర్‌కి అప్లై చేయండి, ఎవరి ద్వారా తెలిసిందని అడిగే చోట వాళ్ల పేరు రాయండి. మర్నాడు లోపు ఐదు వాక్యాల మెయిల్ పంపండి, అందులో ఆ ఒక విషయం తప్పక ఉండాలి, అప్లై చేసిన నంబర్ ఉండాలి, రెజ్యూమే పీడీఎఫ్ జతచేయాలి. పది రోజులకీ జవాబు రాకపోతే అదే మెయిల్ మీద ఇంకొక్కసారి రాయండి.